ముసలి కుక్కకు పెన్షన్ ఉందా?

పెన్షనర్లమైన మనకు డిసెంబరు 17 పండుగ రోజు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని. ఆ తీర్పు గురించి సంఘంలోని పెద్దలు ఎన్నోసార్లు చెప్పారు, రాశారు. నేను అదే ప్రశ్నను మరొక ప్రాణి విషయంలో వేయదలచాను. సత్తువ ఉన్నంతకాలం ఇల్లు కాసిన కుక్క ముసలిదైపోతే, దానికి మన మీద హక్కేమైనా ఉందా? ఈ ప్రశ్నకు మనుషులు ఏయే కాలాల్లో ఎలా జవాబు చెప్పారో చూద్దాం.

నా మనసు ఇటు మళ్ళడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా టామీకి పదమూడేళ్ళు. నేను ట్రెజరీలో రిటైరైన ఏడాదే చిన్న కూనగా మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు దాని కళ్ళకు శుక్లాలు వచ్చాయి. చెవులు సరిగా వినపడవు. నున్నని గచ్చు మీద వెనుక కాళ్ళు జారిపోతాయి. రాత్రివేళ లేచి, ఎక్కడున్నదీ తెలియనట్టు అరుస్తుంది. "ఇంకెన్నాళ్ళు నాన్నా, ఊరి బయట ఎక్కడైనా వదిలేసి వద్దాం" అన్నాడు మా అబ్బాయి. వాడు చెడ్డవాడు కాడు. నిద్ర చాలక విసిగిపోయాడు. వాడికి సమాధానం చెప్పడానికే నేను పాత పుస్తకాలు ముందేసుకున్నాను.

మన మహాభారతంలో కథ మొదట్లోనే ఒక కుక్క ఉంది, చివర మరొకటి ఉంది. జనమేజయుని యాగం దగ్గర ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని సరమ అనే దేవశునకం వచ్చి నిలదీస్తుంది. చివర మహాప్రస్థానంలో తమ్ముళ్ళు, ద్రౌపది పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక్క కుక్కే. రథమెక్కాలంటే దాన్ని వదిలిపెట్టమని ఇంద్రుడు అంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదలనని ధర్మరాజు స్వర్గాన్నే కాదంటాడు. ఆ కుక్క ధర్మదేవతే అని తరువాత తెలుస్తుంది. కాదన్నప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు. గొప్పతనమంతా అక్కడే ఉంది.

గ్రీకుల పురాతన కావ్యం ఒడిస్సీలో ఆర్గోస్ అనే వేటకుక్క ఉంది. యజమాని ఒడిస్సియస్ ఇరవై ఏళ్ళకు మారువేషంలో ఇల్లు చేరేసరికి అది ముసలిదై, ఒళ్ళంతా పిడుదులతో, పట్టించుకునేవారు లేక వాకిట్లో పేడకుప్ప మీద పడి ఉంటుంది. మనుషులు గుర్తుపట్టని యజమానిని అది గుర్తుపట్టి తోక ఆడిస్తుంది, లేవలేక ప్రాణం విడుస్తుంది. ఈసపు కథల్లోనూ ఒక ముసలి వేటకుక్క ఉంది. పళ్ళు లేక వేటను జారవిడిచినందుకు యజమాని తిడితే, నేను ఇప్పుడు ఎలా ఉన్నానో కాదు, ఒకప్పుడు ఎలా ఉండేదాన్నో తలచుకో అన్నట్టు జవాబు చెబుతుంది. పెన్షనరు అర్జీలో రాసుకునే మాట కూడా ఇదే కదా!

కథలు అలా ఉంచి చరిత్రకు వద్దాం. కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గరగా ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. వాటిలో రెండవ శాసనం, మనుషులకూ పశువులకూ కూడా వైద్యం ఏర్పాటు చేశామని, కావలసిన మూలికలు నాటించామని చెబుతుంది. పశువైద్యం రాజ్యం పని అన్న మాట ఆ కాలంలోనే మన నేల మీద రాతికెక్కింది.

బొంబాయిలో 1832లో వీధికుక్కలను చంపమని ఇంగ్లీషు ప్రభుత్వం ఆజ్ఞ ఇస్తే, కుక్కను పవిత్రంగా చూసే పార్శీలు తిరగబడ్డారు. ఆ గొడవ దరిమిలా 1834లో జంషెడ్జీ జీజీభాయి మొదలైన వర్తకులు కలిసి బొంబాయి పాంజరాపోలు స్థాపించారు. దిక్కులేని పశువులకు, పనికిరావని జనం వదిలేసిన ముసలి పశువులకు ఆశ్రయమిచ్చే సంస్థ అది.

జీతం లేకుండా ప్రభుత్వ ఉద్యోగం చేసిన కుక్కల సంగతి వేరు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వేలాది కుక్కలను వాడుకుంది. తిరిగి ఇంటికి తెచ్చినవి సుమారు 200 మాత్రమే. తక్కినవాటిని మిగిలిపోయిన సామాను లెక్కన చూశారు. రిటైరైన సైనిక కుక్కలను దత్తతకు ఇవ్వవచ్చునని అక్కడ చట్టం వచ్చేసరికి 2000 సంవత్సరం అయింది. మన సైన్యంలోనూ పనికి చాలని కుక్కలకు నిద్రమరణం ఇచ్చే పద్ధతి చాలాకాలం నడిచింది. 2015లో ఈ విషయం ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చాక, ఆ పద్ధతి మార్చుకుంటామని ప్రభుత్వం చెప్పింది. ఆ తరువాత రిటైరైన సైనిక కుక్కలను దత్తత ఇవ్వడం మొదలైంది. 2013లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌షైర్ పోలీసులు మరొక అడుగు ముందుకు వేశారు. రిటైరైన ఒక్కొక్క కుక్కకు వైద్యం ఖర్చుల కింద ఏడాదికి 500 పౌండ్ల వరకు, మూడేళ్ళపాటు ఇస్తామన్నారు. పత్రికలు దాన్ని కుక్కల పెన్షన్ అనే పిలిచాయి. ఉద్యోగమంతా పెన్షన్ బిల్లులు పాసు చేసిన నాకు ఆ పేరు సరిగ్గానే ఉందనిపించింది.

ఇళ్ళలోని కుక్కల మాటకొస్తే, మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది. దాని వెనుక రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఉంది. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలిపెట్టడం ఆ చట్టం ప్రకారం నేరం. మా అబ్బాయికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. "అయితే ఏం చేద్దాం?" అన్నాడు. అసలు ప్రశ్న అదే.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అది నడిచే దారిలో పాత గోనెపట్టాలు పరిస్తే కాళ్ళు జారవు. పడుకునే చోట మందపాటి బొంత వేయాలి. ఒకేసారి ఎక్కువ తిండి పెట్టకుండా కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు పెట్టాలి. నీళ్ళు మామూలుకన్నా బాగా ఎక్కువ తాగుతుంటే మూత్రపిండాల జబ్బో, చక్కెర జబ్బో కావచ్చు, డాక్టరుకు చూపించాలి. చూపు తగ్గిన కుక్క ఇంట్లో సామాన్ల చోటును గుర్తుపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి మంచాలు, కుర్చీలు అటూ ఇటూ మార్చకూడదు. నిద్రలో ఉన్నప్పుడు ఒక్కసారిగా ముట్టుకుంటే బెదిరి కరవవచ్చు. మన కీళ్ళ నొప్పుల మాత్రలు ఎంతమాత్రం వేయరాదు. ఇబుప్రొఫెన్ వంటివి కుక్కకు విషం. ముసలిదైందని రేబిస్ టీకా మానకూడదు. రాత్రి అరుపులు మతిమరుపు వల్ల కూడా రావచ్చు. మనుషుల్లో వచ్చినట్టే వాటికీ వస్తుంది. చిన్న దీపం వెలుగుతూ ఉంటే కొంత నయం.

నయం కాని బాధ వచ్చినప్పుడు పశువైద్యుడు నిద్రమరణం సలహా ఇవ్వవచ్చు. దాన్ని తప్పుపట్టలేము. అయితే ఆ నిర్ణయం దాని బాధను చూసి తీసుకోవాలి గాని మన విసుగును చూసి కాదు. మా టామీకి ఇంకా ఆ దశ రాలేదని డాక్టరు చెప్పాడు. అన్నం గిన్నె చప్పుడు దానికి వినపడదు గాని, వాసన తగలగానే తోక ఊపుతుంది.

మన సభ్యులలో చాలామంది ఇళ్ళలో ఇటువంటి ముసలి నేస్తాలు ఉంటాయి. పిల్లలు మనలను ఎలా చూడాలని కోరుకుంటామో, ఆ పాఠం వాళ్ళకు మాటలతో చెప్పనక్కరలేదు. పెరట్లో గోనెపట్టా పరిచేటప్పుడు మనవలు చూస్తూనే ఉంటారు.