పాట లేదు... చేతులు ఊగుతున్నాయి!

నల్లచొక్కా. వెనక చీకటి. ఎదురుగా కెమెరా ఒక్కటే. స్వరకర్త ఎరిక్ విటకర్ చేతులెత్తాడు. పియానో లేదు. పాడేవాళ్లు లేరు. చిన్న చప్పుడైనా లేదు. అయినా ఆ చేతులు ఎవర్నో పైకి రమ్మన్నాయి, ఇంకెవర్నో తగ్గమన్నాయి, ఒకచోట ఊపిరి తీసుకోనిచ్చి, మరోచోట చిటికెనవేలితో స్వరాన్ని పట్టి ఆపి, మళ్లీ మెల్లగా కిందికి దించాయి. పాటంతా అతని తలలోనే నడుస్తోంది. అక్కడినుంచి బయటికి రావాలి. ఎలా?

అంతకుముందు, 2009లో, ఒక స్నేహితుడు ఈమెయిల్‌లో లింకు పంపాడు. ఇది చూసి తీరాలన్నాడు. నొక్కితే ఓ టీనేజ్ అమ్మాయి. కెమెరాలోకి చూస్తూ, కాస్త భయంగా ఉందని ముందే చెప్పేసి, విటకర్ కట్టిన ‘స్లీప్’ పాటలో సొప్రానో భాగం, అంటే ఆడగొంతుల పైస్వరం, పాడింది. ఆల్టో లేదు, టెనర్ లేదు, బేస్ లేదు. నాలుగు గొంతుల పాటలో పావువంతు. విటకర్‌కి ఒక్కసారి తట్టింది. మిగతా ముప్పావు ఇంకో మూడిళ్లలో ఉంటే?

ఆ ‘స్లీప్’ పుట్టుకే ఒక గొడవ. మొదట రాబర్ట్ ఫ్రాస్ట్ కవితకు బాణీ కట్టాడు. కవి హక్కుదారులు వీల్లేదన్నారు. చేతిలో బాణీ ఉంది, మాటల్లేవు. అప్పుడు చార్లెస్ ఆంథనీ సిల్వెస్ట్రీ అనే కవిమిత్రుడు అదే బాణీలో ఒదిగేలా కొత్త మాటలు రాసిచ్చాడు. విటకర్‌దీ అలాగే అనుకోని మలుపు తిరిగిన ప్రయాణం. నెవాడా కుర్రాడు. పాప్ స్టార్ కావాలని కలలు. నొటేషన్ చదవడం రాదు. కాలేజీ కాయిర్‌లో, అంటే బృందగానంలో, చేరింది మెక్సికో ట్రిప్ కోసం, సొప్రానో వరసలోని అమ్మాయిల కోసం. తొలి రిహార్సల్లో మొజార్ట్ ‘రెక్వియమ్’ చెవిన పడింది. అంతే, దొరికిపోయాడు.

అందర్నీ నెట్‌లో ఒకేసారి పాడించెయ్యొచ్చుగా? అక్కడే ఉంది తిరకాసు. సింగపూర్‌లో ఎత్తుకున్న స్వరం సముద్రం అడుగున కేబుల్లో ఎంత పరుగెత్తినా అమెరికా చేరేసరికి సెకనులో పదోవంతు దాకా ఆలస్యం. కబుర్లకైతే తెలియదు. పాట చెడడానికైతే అందులో మూడోవంతు చాలు. వాళ్లకోసం వీళ్లు ఆగుతారు, వీళ్లకోసం వాళ్లు ఆగుతారు, తాళం సాగిసాగి పాట చతికిలబడుతుంది. అందుకే ఆ మూగ వీడియో. దాని కింద తర్వాత పియానో వాయించి చేర్చాడు. ‘లుక్స్ ఆరుంక్వే’ అనే తన లాటిన్ పాట నొటేషన్ ఉచితంగా నెట్‌లో పెట్టాడు. చెవిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, నా చేతులు చూడండి, మీ వంతు పాడి పంపండి. పిలుపు వెళ్లింది. ఎవరు పలుకుతారు?

మన సినిమా డ్యూయెట్లలో ఆయన పొద్దున వచ్చి, ఆవిడ సాయంత్రం వచ్చి పాడిపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ అక్కడ మైకుల ముందు ఆరితేరిన గాయకులుంటారు, పక్కన రికార్డిస్టు ఉంటాడు. ఇక్కడ పడకగది, వెబ్‌క్యామ్. మొదటి వీడియో వచ్చింది. ఇంకోటి. సింగపూర్, స్వీడన్, టెక్సస్. కొందరు టేకుమీద టేకు తీసుకున్నారు. పక్కవాడి గొంతు చాటున దాక్కునే వీలు లేదు మరి. తప్పు పాడితే దొరికిపోయేది ఒక్కరే. చిన్న సోలో కోసం ఆడిషన్లూ నెట్‌లోనే. గెలిచిన టెనెసీ అమ్మాయి పైస్వరం దగ్గర చిన్నగా నవ్వింది, ఇదేమంత కష్టమా అన్నట్టు. ఫైళ్లు గుట్టపడ్డాయి. వీటిని కలిపేదెవరు?

ఓ కుర్రాడు తనంతట తనే ముందుకొచ్చాడు. ఇలాంటి పనికోసమే జీవితమంతా ఎదురుచూశానన్నాడు. కూర్చున్నాడు. ఒక్కో ఫైలు తెరిచి, గరగరలు తుడిచి, వరసలో పెట్టాడు. ఈ పనిలో అచ్చుల్ని కలపడం తేలిక, హల్లులే చంపుతాయి. ‘లుక్స్’ చివరి ‘స్’ తలా ఒకచోట పడిందంటే దేవతల పాట కాస్తా కుక్కర్ విజిలైపోతుంది. 2010 మార్చి. వీడియో సిద్ధమైంది. 12 దేశాలు, 185 మంది. ప్లే నొక్కారు. విటకర్ కళ్లు నిండాయి.

రెండు నెలలు తిరక్కుండా పది లక్షలసార్లు చూశారు జనం. తర్వాత రెండో పిలుపు, ఈసారి ‘స్లీప్’. అలాస్కా అడవుల్లో ఒకావిడ విన్నది. తనకు లోకంతో ఉన్న లింకు శాటిలైట్ ఒక్కటే. నేనూ పాడతానంది భర్తతో. నీ గొంతు అందుకు పనికిరాదన్నాడాయన. ఏడ్చింది. తర్వాత పాడింది. పంపింది. మీరెక్కడివారో మ్యాప్‌లో గుర్తు పెట్టండంటే చిక్కొచ్చింది. ఇంటికి దగ్గర్లోని పట్నం 400 మైళ్ల దూరం. దానిమీదే పెట్టింది. 2011లో పాట బయటికొచ్చింది. 58 దేశాలు, రెండువేలకు పైగా వీడియోలు. అందులో ఆమెదీ ఒకటి. కాయిర్‌లో పాడటం ఆమెకదే మొదటిసారి.