తేదీ తప్పిన కప్పు

జూన్ 26 దగ్గర పడిందంటే నాకు ఒక పింగాణీ కప్పు గుర్తొస్తుంది. దాని మీద ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్, రాణి అలెగ్జాండ్రా బొమ్మలు, కింద పట్టాభిషేకం తేదీ: 1902 జూన్ 26. ఆ రోజున పట్టాభిషేకం జరగనే లేదు.

1066లో ఇంగ్లండును జయించిన విలియం కిరీటం ధరించింది మొదలు కొన్ని వందల ఏళ్లు ఆ వేడుక లండన్‌దే. పల్లెకు దక్కింది మహా అయితే చర్చి గంటల మోత, ఏ దొరో పోయించిన బీరు. 1838లో విక్టోరియా పట్టాభిషేకం నాటికి ఊరంతా కలిసి తినడం మొదలైంది. కేంబ్రిడ్జ్‌లోని పార్కర్స్ పీస్ మైదానంలో ఆ రోజు దాదాపు 15,000 మందికి భోజనాలు పెట్టారు. ఆ తర్వాత 64 ఏళ్ల పాటు ఇంకో పట్టాభిషేకం లేదు.

అందుకే 1902లో పల్లెలకు అంత ఆత్రం. పైగా దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మే 31నే ముగిసింది. ఫాదరీ, బడిపంతులు, పెద్ద రైతులు కలిసి కమిటీలు వేసి చందాలు పోగుచేశారు. పిల్లలకు తలా ఒక కప్పు, టీ, బన్నులు. మధ్యాహ్నం గోనెసంచుల పరుగు, చెంచాలో గుడ్డు పెట్టుకుని పరుగు. చీకటిపడ్డాక కొండ మీద నెగడు.

జూన్ 24న పిడుగులాంటి వార్త. అరవయ్యేళ్ల రాజుకు అపెండిక్స్ దగ్గర చీముగడ్డ. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనే సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆపరేషన్ చేశాడు. లండన్ వేడుకలు వాయిదా పడ్డాయి, పల్లెల్లో మాత్రం అనుకున్నట్టే జరుపుకోవాలన్నది రాజు కోరిక అని ప్రకటించారు. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి పేరున వెలువడిన ఆ మాట నాకు ఎంతో ఇష్టం.

కమిటీలకు మాత్రం కాలూ చెయ్యీ ఆడలేదు. రాజు మంచం మీద ఉండగా ఆటలేమిటి? కొన్న మాంసం జూన్ ఎండకు ఎన్నాళ్లు ఆగుతుంది? కొన్ని ఊళ్లు చర్చిలో ఆయన కోసం ప్రార్థించి, వచ్చి వడ్డనలు మొదలుపెట్టాయి. కొన్ని ఆపేశాయి. వాట్‌ఫర్డ్ పట్టణంలో అలా ఆపినందుకు 26 రాత్రి జనం తిరగబడి దుకాణాల అద్దాలు పగలగొట్టారు, సరుకు దోచుకున్నారు. దోపిడీని సమర్థించను. కానీ వారాల తరబడి విందు కోసం ఎదురుచూసిన వాళ్లను ఆకు ముందు నుంచి లేపినట్టయితే ఆ మంట ఎలాంటిదో ఊహించగలను.

ఆగస్టు 9న రాజుకు కిరీటం పెట్టారు. ఆగిన ఊళ్లు అప్పుడు పండగ చేసుకున్నాయి. కప్పులు మాత్రం పాత తేదీతోనే పిల్లల చేతికి వెళ్లాయి.

1911, 1937 పట్టాభిషేకాలకు మళ్లీ కప్పులు, మళ్లీ పరుగులు. 1953 జూన్ 2న, తర్వాతి పట్టాభిషేకం రోజున, వాన. జనం టీవీ ఉన్న ఇళ్లలో చేరి కర్టెన్లు వేసుకుని కూర్చున్నారు. మైదానం ఇంట్లోకి వచ్చేసింది. 2023 మే 6న మూడవ చార్లెస్‌కు వీధి విందులూ జరిగాయి, ఫోన్లలో చూసినవారూ ఉన్నారు. కప్పులూ వచ్చాయి, తేదీ సరిగ్గానే ఉంది.

నేను చూసిన ఆ 1902 కప్పు అంచున బంగారు పూత ఒకవైపే అరిగిపోయింది. ఎవరో పిల్ల ఏళ్ల తరబడి అటునుంచే పాలు తాగి ఉంటుంది.