కాల్షియం స్కోరు సున్నా అయితే గుండె సేఫేనా?

మొన్న తిరుపతిలో మా ఫ్రెండు, 28 ఏళ్లవాడు, "కాల్షియం స్కోరు సున్నా" అని రిపోర్టు స్టేటస్ పెట్టాడు. పైగా సిగరెట్టు మానేది లేదంటాడు. అందుకే ఈరోజు ఈ నంబరు కథ చెప్తా.

మా చిత్తూరు వైపు పెద్దోళ్లకు గుండె జబ్బంటే రాయవేలూరు సీఎంసీనే దిక్కు. 1993లో టీటీడీ తిరుపతిలో స్విమ్స్ తెరిచాక దగ్గర్లోనే ఇంకో పెద్దాసుపత్రి దొరికింది.

ఇక స్కాన్ సంగతి. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ చేసిన సీటీ మెషీన్‌తో మొదటిసారి ఒక పేషెంటు మెదడును స్కాన్ చేశారు. గుండె మాత్రం దానికి చిక్కలేదు. అది ఆగదు కదా! 1980లలో ఎలక్ట్రాన్ బీమ్ సీటీ వచ్చాక ఆ వేగం అందింది. 1990లో అమెరికా డాక్టరు ఆగట్‌స్టన్ బృందం లెక్క కట్టింది: గుండె రక్తనాళాల్లో 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు దాటి మెరిసే మచ్చల వైశాల్యాన్ని సాంద్రతకు ఇచ్చే మార్కుతో గుణించి, అన్నీ కూడితే స్కోరు. 400 దాటితే చాలా ఎక్కువ.

అసలు మెలిక ఇక్కడే. ఇది లెక్కపెట్టేది గట్టిపడిన పాత పూడికను. మెత్తటి కొత్త కొవ్వు దీనికి కనపడదు. మన వయసులో సున్నా రావడం మామూలే, అది సిగరెట్టుకు లైసెన్సు కాదు. నలభై దాటిన అమ్మానాన్నలకు స్టాటిన్ మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తున్నప్పుడు ఈ నంబరు పనికొస్తుంది.

ఛాతీ నొప్పి వస్తే మాత్రం పాత సున్నాను నమ్ముకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ మాట మా ఫ్రెండుకీ చెప్పాను, మీకూ చెప్తున్నా.