లైసెన్సు సొమ్ము ఎవరి మేలుకు?



ఎరువు బస్తాల అమ్మకాన్ని బట్టి జీతం తీసుకునే ఉద్యోగి మీ పొలానికి వచ్చి, "యీ మడికి యూరియా అక్కరలేదు" అని చెప్పగలడా? అమెరికాలో వన్యప్రాణి శాఖలకు ఇలాంటి చిక్కే వచ్చింది. ఆ కథ కాస్త వినండి.

పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ వేటకు అడ్డూ ఆపూ లేదు. మాంసం, తోళ్లు రైళ్లమీద పట్నాల అంగళ్లకు పోయేవి. ఆకాశాన్ని కమ్మేసిన ప్యాసెంజర్ పావురాల జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయింది. అప్పటికే రాష్ట్రాలు మేలుకొని వేటకు లైసెన్సులు పెట్టాయి. ఆ రుసుముతో కాపలాదార్లను పెట్టారు.

1934లో బాతుల వేటగాళ్లు డాలరు స్టాంపు కొనాలన్నారు. ఆ డబ్బు చిత్తడి నేలలకు పోయింది. 1937 చట్టంతో తుపాకులు, తూటాల మీది సుంకం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు దక్కింది. అయితే లైసెన్సు సొమ్మును వేరే పనికి మళ్లించగూడదని షరతు పెట్టారు. చేపలకు 1950లో ఇలాంటి చట్టమే వచ్చింది. ఫలితం కనబడింది. అంతరించబోయిన తెల్లతోక జింకలు మళ్లీ పెరిగాయి. ఎంతగా అంటే, నేడవి మొక్కజొన్న, సోయా చేలమీద పడుతుంటే, వేటగాళ్లు రావాలని అక్కడి రైతులే కోరుతున్నారు!

ఇక చిక్కు చూడండి. 1937 చట్టం ప్రకారం వచ్చే సొమ్ములో సగం రాష్ట్ర విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సుదారుల సంఖ్యను బట్టి పంచుతారు. 1982లో ఆ సంఖ్య కోటీ అరవై లక్షలు దాటింది. తర్వాత జనాభా పెరిగినా వేటగాళ్లు తగ్గారు. శాఖల రాబడికి గండి పడింది. 2019లో చట్టం సవరించి, కొత్త వేటగాళ్లను చేర్చే ప్రచారానికీ ఆ సొమ్ము వాడుకోవచ్చన్నారు.

ఇది తగునా? ప్రచారం లేకుంటే కాపలాకు డబ్బు లేదని ఒక వాదం. జంతువును కాపాడవలసిన వాడే వేటకు గిరాకీ పెంచుతాడా అని మరో వాదం. రెంటిలోనూ నిజం వున్నది. నాకు తోచినది యిది: లైసెన్సు ఎందుకో, ఆ డబ్బు ఎక్కడికి పోతుందో శాఖ చాటి చెప్పవచ్చు. చెప్పాలి కూడా. కాని ఎన్ని లైసెన్సులు అమ్మామన్నది తన పనికి కొలత కారాదు. ఎన్ని జింకలను వేటాడవచ్చునో అడవిలో లెక్క చూసి తేల్చాలి గాని, ఖజానా చూసి కాదు. వేటాడని వారూ కొంత భరించాలి. బాతుల స్టాంపును పక్షులను చూసి ఆనందించేవారు కూడా కొంటున్నారు గదా!

మన దేశంలో 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతి పోయింది. అయినా యీ కథ గ్రామసేవ చేసే మా వంటివారికీ పాఠమే. ఎన్ని బస్తాలు అమ్మించామన్నది కాదు, మీ గాదెలో ఎంత చేరిందన్నదే మా పనికి కొలత. అలా కాకుంటే మమ్మల్ని నిలదీసి అడగండి.