శ్రోతలు తిప్పి పంపిన రికార్డు

పెళ్ళి పందిట్లోనో, సభావేదిక మీదనో మైకు ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేటట్లు కూత పెట్టడం అందరికీ అనుభవమే. ఉపన్యాసకుడు ఉలిక్కిపడి వెనక్కి జరుగుతాడు. మైకుసెట్టు కుర్రవాడు పరుగెత్తుకొని వచ్చి మీట తిప్పుతాడు. కూత ఆగుతుంది. ఆ కూతను ఆపడానికి బదులు పెంచి పోషించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, గంటకు పైగా సాగే రెండు గ్రామఫోను రికార్డులుగా అచ్చువేసి అమ్మితే జనం ఏమంటారు? 1975 జులైలో అమెరికాలో ఈ పరీక్ష నిజంగానే జరిగింది. చేసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, లూ రీడ్ అనే రాక్ సంగీతకారుడు. రికార్డు కొన్నవారికి మాత్రం తాము ఒక పరీక్షలో పాల్గొంటున్నామనే సంగతి తెలియదు.

రీడ్ 1942లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. 1960ల నడుమ 'వెల్వెట్ అండర్‌గ్రౌండ్' అనే బృందంలో పాటలు కట్టి పాడాడు. 1972లో 'వాక్ ఆన్ ది వైల్డ్ సైడ్' అనే పాటతో ఆయన పేరు సామాన్య శ్రోతలదాకా పాకింది. 1974లో వచ్చిన 'శాలీ కాంట్ డాన్స్' అనే ఆల్బం అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి పదింటిలోకి ఎక్కింది. అందుచేత ఆర్.సి.ఏ. కంపెనీవారూ, అభిమానులూ మళ్ళీ అట్లాంటి పాటలకోసమే ఎదురుచూస్తున్నారు. అటువంటి సమయంలో 'మెటల్ మెషీన్ మ్యూజిక్' అనే జంట రికార్డు దుకాణాలకు వచ్చింది. లోహయంత్ర సంగీతం అని ఆ పేరుకు అర్థం. అట్టమీద నల్ల కళ్ళద్దాలతో వేదిక మీద ఉన్న రీడ్ బొమ్మ. అది చూచినవారు మరో కచ్చేరీ రికార్డు వచ్చిందనుకోవడంలో వింతలేదు.

ఇంటికి తీసుకుపోయి ముల్లు పెడితే పాట లేదు, మాట లేదు, డోలు లేదు, తాళం లేదు. మొదటి క్షణం నుంచి గిటారు కూతలు, కీచులు, గుమ్మనే హోరు. ఒక్కొక్క పక్క 16 నిమిషాల 1 సెకను అని ముద్రించి ఉంది. అట్లా నాలుగు పక్కలు. నాలుగో పక్క చివర గాడిని వలయంగా మూసివేశారు. మామూలు రికార్డులో ముల్లు గాడివెంట లోపలికి జరిగి చివరకు నిశ్శబ్దంలో పడుతుంది. ఇందులో ఆఖరి చుట్టు దగ్గర చిక్కుకొని అదే తునకను తిప్పి తిప్పి వినిపిస్తుంది. ఎవరో ఒకరు లేచి ముల్లు ఎత్తితే తప్ప ఈ రికార్డుకు అంతం లేదు. అట్ట వెనుక రీడ్ వ్రాసిన మాటలు ఇంకా విచిత్రం. తనతో సహా తనకు తెలిసినవారెవరూ దీన్ని మొదటినుంచి చివరిదాకా వినలేదని ఆయనే ప్రకటించాడు. అక్కడ ఇచ్చిన పరికరాల జాబితా తాను కల్పించినదేనని తరవాత ఒప్పుకొన్నాడు కూడా.

కల్పన జాబితాలో ఉన్నా ధ్వనిలో లేదు. ఆ ధ్వని ఎట్లా పుట్టిందో తెలుసుకొంటే శ్రోతల కోపంలోని విశేషం బోధపడుతుంది. విద్యుత్ గిటారు తీగలు ఉక్కువి. వాటి కింద అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగితీగ వేల చుట్లుగా చుట్టి ఉంటుంది. దీనిని 'పికప్' అంటారు. తీగ కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన ధర్మమే ఇది. ఆ విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి లౌడ్‌స్పీకరుకు అందిస్తుంది. గిటారును స్పీకరు ఎదుట నిలిపితే స్పీకరు ధ్వని వచ్చి తీగను మళ్ళీ కదిలిస్తుంది. కదలిక మళ్ళీ విద్యుత్తు, విద్యుత్తు మళ్ళీ ధ్వని. ఈ చక్రం ఒక చుట్టు తిరిగేసరికి దారిలో పోయినదానికన్న పెరిగినది ఎక్కువై, తిరిగివచ్చిన తరంగం పాత తరంగంతో అడుగులో అడుగు కలిపితే, ఎవరూ మీటకుండానే తీగ మోగుతూ ఉంటుంది. దీనికి ఫీడ్‌బ్యాక్ అని పేరు. పునర్నివేశం అని చెప్పుకోవచ్చు. ఫ్రెంచివారు దీనిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లార్సెన్ పేరుతో పిలుస్తారు. పందిట్లో మైకు కూత కూడా ఇదే కుటుంబంలోనిది. అక్కడ తీగ స్థానంలో మైకు పొర ఉంటుంది, అంతే తేడా.

రీడ్ తన న్యూయార్కు నివాసంలో గిటార్లను రకరకాలుగా శ్రుతిచేసి ఆంప్లిఫయర్ల ఎదుట ఉంచి, వాటిని వాటిపాటికి మోగనిచ్చాడు. ఆ మోతను టేపులమీదికి ఎక్కించి, టేపు వేగాలు మార్చి, పొరలు పొరలుగా కలిపాడు. కుడి స్పీకరులో వచ్చేది ఒకటి, ఎడమ స్పీకరులో వచ్చేది మరొకటి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన ఉద్గ్రంథంలో స్వరానికీ రొదకూ తేడా చెప్పాడు. గాలి కంపనం క్రమంగా, ఒకే కాలవ్యవధితో తిరిగి తిరిగి వస్తే అది స్వరం. క్రమం లేకుండా వస్తే రొద. ఈ కొలత ప్రకారం చూస్తే నిలకడగా సాగే ఫీడ్‌బ్యాక్ కూత రొద కాదు, స్వరమే! తీగ పొడవు, బిగువు, స్పీకరు దూరం, గది గోడలు కలిసి కొన్ని పౌనఃపున్యాలనే ఎన్నుకొని పోషిస్తాయి. అందుచేత ఆ కూతలో అనుస్వరాల వరస కూడా ఉంటుంది. అయితే ఇట్లాంటి స్వరాలు ఎన్నో, దగ్గరదగ్గర పౌనఃపున్యాలతో, ఒకేసారి మోగితే కథ మారిపోతుంది. రెండు స్వరాల మధ్య స్వల్పభేదం ఉన్నప్పుడు ధ్వని హెచ్చుతూ తగ్గుతూ కొట్టుకొంటుంది. ఈ విస్పందనాలు సెకనుకు నాలుగైదు అయితే చెవికి ఊయల. సుమారు 30 దాటేసరికి గరుకు. చెవిలోని నత్తగుల్ల వంటి భాగంలో పొర ఒకటి ఉన్నది. హెచ్చు స్వరాలకు దాని మొదటిభాగం, తగ్గు స్వరాలకు చివరిభాగం ఎక్కువగా ఊగుతుందని బెకెషీ చూపించాడు. అందుకుగాను ఆయనకు 1961లో నోబెల్ బహుమానం వచ్చింది. దగ్గరి స్వరాలు రెండూ పొరమీద ఒకే చోటుకోసం పోట్లాడుకోవడమే గరుకుతనానికి మూలం. రీడ్ రికార్డులో ఆ పోట్లాటకు నాలుగు పక్కలా విరామం లేదు.

కాబట్టి కొన్నవారికి కోపం రావడంలో శరీరధర్మం కొంత ఉన్నది. రికార్డులు కుప్పలుగా దుకాణాలకు తిరిగి వచ్చినవి. మూడు వారాలు తిరిగేసరికి కంపెనీ దానిని అమ్మకం నుంచి ఉపసంహరించిందని చెపుతారు. 'రోలింగ్ స్టోన్' పత్రిక విమర్శకుడు ఆ ధ్వనిని పెద్ద రిఫ్రిజిరేటరు మూలుగుతో పోల్చి ఎగతాళి చేశాడు. రీడ్ కంపెనీ ఒప్పందం వదిలించుకోవడానికి ఈ పని చేశాడని కొందరు, అభిమానుల మీద వేళాకోళమని కొందరు అన్నారు. ఒప్పందం మాట అంత నమ్మదగినది కాదు, ఆయన తరవాతి ఆల్బం కూడా ఆ కంపెనీయే ప్రచురించింది. రీడ్ మాత్రం ఒకనాడు నవ్వులాటగా, మరొకనాడు గంభీరంగా మాట్లాడి, అనుమానం తీర్చే ప్రయత్నమేమీ చేయలేదు. చివరి సంవత్సరాలలో ఇది నిజమైన సంగీతమేనని గట్టిగా నిలబడ్డాడు.

ఒక్క విమర్శకుడు ఎదురు తిరిగాడు. 'క్రీమ్' పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ 1976లో వ్రాసిన వ్యాసంలో లోకంలో ఇంతకు మించిన ఆల్బం లేదన్నాడు. అందులో హాస్యం పాలెంతో, నిజం పాలెంతో తేల్చడం కష్టం. ఏమైనా, ఇద్దరు విమర్శకుల గదులలోనూ గాలి కదిలింది ఒకే విధంగా. తీర్పులు మాత్రం రెండు ధ్రువాలు. హెల్మ్‌హోల్ట్జ్ కూడా చెవి నిర్మాణంతోనే అంతా తేలిపోతుందని అనలేదు. స్వరగ్రామాలు కాలాన్నిబట్టి, జాతినిబట్టి మారుతవని ఆ గ్రంథంలోనే అంగీకరించాడు.

రొదను సంగీతంలోకి పిలవడం రీడ్‌తో మొదలు కాలేదు. ఇటలీ చిత్రకారుడు లూయీజీ రుస్సోలో 1913లోనే, యంత్రయుగానికి యంత్రాల రొదే సంగీతం కావాలని ఒక ప్రకటన వెలువరించి, పిడి తిప్పితే గర్జించే, బుసకొట్టే పెట్టెలు తయారుచేశాడు. 1914 ఏప్రిల్ 21న మిలాన్‌లో కచ్చేరీ పెడితే శ్రోతలకూ రుస్సోలో మిత్రులకూ ముష్టియుద్ధమే జరిగింది.

రెండో దారి తూర్పునుంచి వచ్చింది. రీడ్ రికార్డు అట్టమీద లా మాంట్ యంగ్ అనే అమెరికా స్వరకర్త పేరు, తప్పు అక్షరాలతోనైనా సరే, ఉన్నది. గంటల తరబడి ఒకే శ్రుతిని నిలిపే సంగీతం యంగ్‌ది. ఆయన బృందంలో వాయించిన జాన్ కేల్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్‌లో రీడ్‌కు సహచరుడు. యంగ్ 1970లో హిందూస్తానీ గాయకుడు పండిత ప్రాణనాథ్‌కు శిష్యుడై తంబురా శ్రుతిలో మునిగిపోయాడు. తంబురా నాదం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. తీగ కింద నూలుపోగు జొనిపి సరైన చోటికి జరిపితే, మీటిన స్వరంకన్న దానిమీద లేచే జుమ్మనే అనుస్వరాల గుంపే ఎక్కువగా వినబడుతుంది. బాల్యంలో విశాఖపట్టణంలో చదువుకొన్న సి. వి. రామన్ 1921లో ఈ సంగతి పరిశీలించి, తంబురా, వీణల మెట్టపు ఆకారం వల్ల, పాత సిద్ధాంతం ప్రకారం పుట్టకూడని అనుస్వరాలు కూడా పుడుతున్నవని చూపించాడు. ఆ జుమ్మును పాశ్చాత్య పియానో నిపుణుడు వింటే వాద్యంలో తప్పున్నదని అనుకోవచ్చు. తంబురా ముందు కూర్చున్న గాయకుడికి అది లేకపోతే పాట నిలవదు.

అలవాటుకు ఉన్న ఈ బలాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. అర్థం తెలియని గుర్తులను, మాటలను పదేపదే చూపిస్తే జనానికి వాటిమీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ 1968లో ప్రకటించాడు. రీడ్ కథకు ఇంతకన్న దగ్గరి పరీక్ష గ్లాస్, సింగర్ అనే ఇద్దరు అమెరికన్లు చేసి 1972లో పుస్తకంగా వెలువరించినది. వారు వాడిన రొద కూడా కూర్చిన టేపే. ఇద్దరు స్పానిష్‌లో, ఒకరు ఆర్మీనియన్‌లో మాట్లాడుతూ ఉంటే టైపు మెషిను, లెక్కల యంత్రం, కాపీలు తీసే యంత్రం చప్పుళ్ళు అందులో కలిపారు. దానిని 108 డెసిబెల్స్ బలంతో, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వినిపించారు. కొందరికి మాత్రం ఒక మీట చూపి, భరించలేకపోతే నొక్కి ఆపవచ్చునని చెప్పారు. చాలామంది ఆ మీటను ముట్టుకోనేలేదు. అయినా రొద ఆగిన తరవాత ఇచ్చిన చిక్కు లెక్కలతో వారే ఓపికగా కుస్తీ పట్టారు. అచ్చుతప్పులు దిద్దే పనిలోనూ మెరుగుగా ఉన్నారు. మీట లేనివారు త్వరగా చేతులెత్తేశారు. రెండు గుంపుల చెవులలోనూ పడిన ధ్వని ఒకటే.

రీడ్ శ్రోతల చేతిలో మీట ఉన్నది, ముల్లు ఎత్తితే చాలు. వారి దగ్గర లేనిది ముందస్తు ఎరుక. డబ్బిచ్చి పాటలకోసం వచ్చినవాడికి రొద వడ్డించడం భోజనానికి పిలిచి ఇసుక పెట్టినట్లే. తిప్పి పంపినవారిని చెవిలేనివారని నిందించడం అన్యాయం.

ముందే తెలిసి వచ్చినవారు ఏమన్నారో 2002లో తేలింది. ఉల్రిచ్ క్రీగర్ అనే జర్మన్ శాక్సొఫోన్ వాద్యకారుడు ఆ రికార్డును విని విని, అందులో స్వరాలున్నవని గుర్తించి, తోటివాడితో కలిసి దానిని స్వరలిపిలో వ్రాశాడు. ఇది జరిగే పని కాదని రీడ్ మొదట అనుకొన్నాడు. నమూనాగా కొన్ని నిమిషాలు వాయించి పంపితే విని ఒప్పుకొన్నాడు. బెర్లిన్‌లో 'జైట్‌క్రాట్జర్' బృందం దానిని వయొలిన్ వంటి తంత్రీవాద్యాలతో, ఊదే వాద్యాలతో, పియానోతో వాయించింది. రీడ్ స్వయంగా గిటారుతో పాల్గొన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. కూత నిజంగా క్రమంలేని రొదే అయితే దానిని కాగితం మీద పెట్టడం సాధ్యమయ్యేది కాదు. తరవాత 2008లో రీడ్, క్రీగర్, సార్త్ కల్హూన్ ముగ్గురూ 'మెటల్ మెషీన్ ట్రయో' అనే పేరుతో అటువంటి సంగీతమే వాయిస్తూ ఊళ్ళు తిరిగారు. పేరే హెచ్చరిక కనుక టిక్కెట్టు కొన్నవారికి ఏమి వినబోతున్నారో తెలుసు.

2010 జులైలో మాంట్రియల్ జాజ్ ఉత్సవంలో రీడ్, ఆయన భార్య లోరీ ఆండర్సన్, శాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ జోర్న్ కలిసి వేదిక ఎక్కారు. వచ్చినవారిలో చాలామంది రీడ్ పాత పాటలకోసం వచ్చారు. ముగ్గురూ పాటలు లేకుండా, అప్పటికప్పుడు కల్పించిన హోరు వాయించారు. సభలో కేకలు, ఈలలు లేచినవి. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఇది సంగీతం కాదనుకొనేవారు బయటికి పోవచ్చునని జోర్న్ వేదిక మీదనుంచి కటువుగానే జవాబు చెప్పాడు. అప్పటికి ఆ రికార్డు వచ్చి 35 ఏళ్ళు.