ఇస్త్రీ పెట్టెలో బొగ్గు ఎవరిది?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. యూనిఫాం ఉతికి, పూర్తిగా ఆరకముందే మడతపెట్టి, ట్రంకు పెట్టె కింద పెట్టి పడుకునేవాళ్లం. తెల్లారేసరికి అదే ఇస్త్రీ. కొందరైతే ఇత్తడి చెంబులో నిప్పులు పోసి రుద్దేవాళ్లు. ఇప్పుడు కాలేజీ హాస్టల్లో మా రూములో ఆరుగురం తలా కొంత వేసుకుని స్టీమ్ ఇస్త్రీ పెట్టె కొన్నాం. మొన్న అది చెడిపోయింది. బాగుచేస్తూ దాని చరిత్ర చదవడం మొదలుపెడితే, అది తిరిగి తిరిగి మన అడవి దగ్గరికే వచ్చింది.

ముందు బొగ్గుల పెట్టె. లోపల నిప్పులు, పక్కల గాలికి చిల్లులు, పైన కర్ర పిడి. ఒక్క నిప్పురవ్వ పడితే చొక్కా పోయినట్టే. అమెరికాలో చాలామంది పొయ్యి మీద కాచిన ఇనుప దిమ్మతో రుద్దేవాళ్లు. దాంతోపాటు పిడి కూడా కాలేది. అయోవా రాష్ట్రంలో మేరీ ఫ్లోరెన్స్ పాట్స్ అనే ఆవిడ 1871లో ఊడదీసి పెట్టుకునే పిడికి పేటెంటు తీసుకుంది. ఒక దిమ్మ చల్లారితే పిడి తీసి ఇంకో వేడి దిమ్మకి తగిలించడమే. అప్పటికి ఆమెది దాదాపు మన వయసే. చేతులు కాలేవాళ్లకే ఇలాంటి ఆలోచన వస్తుంది అనిపించింది మాకు.

తర్వాత 1882. ఆ ఏడాది జూన్ 6న న్యూయార్క్‌లో హెన్రీ సీలీకి కరెంటు ఇస్త్రీ పెట్టె మీద పేటెంటు వచ్చింది. తమాషా ఏంటంటే, ఆ ఊళ్లో ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం మొదలైంది సెప్టెంబరు 4న. అంటే ఇళ్లకి కరెంటు రాకముందే కరెంటు పెట్టె కాగితం మీదికి వచ్చేసింది.

అదే 1882లో ఇక్కడ ఏం వచ్చిందో తెలుసా? మద్రాసు అటవీ చట్టం. రిజర్వు అడవి అని గీత గీసి పోడుని, కట్టెపుల్లల్ని కట్టడి చేసిన చట్టం. 1922లో మన్యం తిరగబడిందంటే దాని వెనక ఈ చట్టం పెట్టిన బాధలు కూడా ఉన్నాయి. అక్కడ పెట్టెలోంచి బొగ్గు తీసేసే ఆలోచన మొదలైన ఏడాదే, ఇక్కడ బొగ్గునిచ్చే అడవికి తాళం పడింది. ఒకదానికొకటి సంబంధం లేదు, మేమూ లేదనే అంటున్నాం. కానీ రెండూ ఒకే ఏడాది అని చూసి కాసేపు మాట్లాడలేకపోయాం.

1927 నాటి భారత అటవీ చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. మద్రాసు ప్రాంతానికి వేరే చట్టమే నడిచింది గానీ, సర్కారు ఆలోచన ఏంటో దీంట్లో తెలుస్తుంది. అటవీ ఉత్పత్తుల లెక్కలో కలప పక్కనే కర్రబొగ్గు ఉంది. అది అడవిలోంచి తెచ్చినా, తేకపోయినా అటవీ ఉత్పత్తే! 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవిలో బొగ్గు కాల్చడం నేరం. అంటే దొరగారి కోటు మీద నడిచిన నిప్పు చట్టంలో అటవీ సొత్తు. అనుమతి లేకుండా దాన్ని కాల్చినవాడు నేరస్థుడు.

బొగ్గుల పెట్టె ఇంకా పోలేదు. వీధి చివర బండి మీద అదే. తిరువణ్ణామలై విద్యార్థిని వినీషా ఉమాశంకర్ ఈ బొగ్గు చూసే సోలార్ ఇస్త్రీ బండి రూపొందించి 2020లో పిల్లల వాతావరణ బహుమతి అందుకుంది.

ఇక ఆవిరి. 1926లో న్యూయార్క్‌లో ఎల్డెక్ అనే కంపెనీ స్టీమ్ పెట్టె అమ్మకానికి తెచ్చింది గానీ పెద్దగా నడవలేదు. పని మాత్రం సులువే. ట్యాంకులో నీళ్లు ఒక్కో చుక్కా కింద వేడి అరలో పడి ఆవిరై చిల్లుల్లోంచి వస్తాయి. మన అమ్మలు నీళ్లు చిలకరించి రుద్దేదాన్నే మిషను చేస్తోంది.

చిక్కంతా నీళ్లతోనే. మా హాస్టల్ బోరు నీళ్లు సున్నపు నీళ్లు. ఆవిరి పోతుంది, సున్నం లోపలే పేరుకుంటుంది. మా తెల్ల చొక్కాల మీద పెచ్చులు రాలింది అందుకే. నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించి వడగట్టి పోశాం. వేడెక్కాక ప్లగ్గు తీసి, బకెట్టు మీద అడ్డంగా పట్టుకుని ఊపాం. మురికి దిగింది. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు. చింతపండు వద్దు, దాని పులుపు సున్నంతో కలిస్తే కరగని మడ్డి అవుతుంది. మీ పెట్టె పుస్తకంలో పులుపు పోయొద్దని రాసుంటే అసలే పోయకండి.

మరునాటికి వేడెక్కడమే మానేసింది. షాపులో ‘పారేసి కొత్తది కొనుక్కోండి’ అన్నారు. రెండు రోజుల్లో మాలో ఇద్దరికి ఇంటర్వ్యూ. ప్లగ్గు తీసి, పూర్తిగా చల్లారాక వెనక మూత విప్పాం. ఐటీఐ చదివిన అన్న మీటరు పెట్టి చూస్తే ఫ్యూజు బాగానే ఉంది, వైరే మెడ దగ్గర లోపల తెగింది. రోజూ వంగేది అక్కడే కదా. గుడ్డ తొడుగున్న మూడు తీగల వైరు కొత్తది వేశాం. ఎర్త్ తీగ మర్చిపోలేదు.

ఒకడు మాత్రం ముందే ‘ఫ్యూజు తీసేసి డైరెక్టుగా కలిపేద్దాం’ అన్నాడు. వద్దన్నాం. థర్మోస్టాట్ ఇరుక్కుపోతే మంట రాకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. అది పోతే అదే రేటింగుది కొత్తది వేయాలి తప్ప దాటించకూడదు. నలభై మంది పడుకునే బిల్డింగు మాది.

ఇంటర్వ్యూకి ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలతోనే వెళ్లారు. ఫలితం ఇంకా రాలేదు.

మీ ఊళ్లో ఎవరింట్లోనైనా పాత బొగ్గుల పెట్టె ఉంటే ఫోటో పెట్టండి. దాంట్లో పోసిన బొగ్గు ఎక్కడ కాల్చేవాళ్లో, గార్డుకి ఏం ఇచ్చుకోవాల్సి వచ్చేదో తాతల్ని అడిగి కింద రాయండి.