బండి వంశము, చక్రపు కొలత



మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నేటికిని కొన్ని యిండ్ల ముంగిట పాతకార్లు కానవచ్చుచుండును. ఒకచోట అంబాసిడరు, మఱియొకచోట పద్మిని, అరుదుగా కాంటెస్సా. తండ్రి కొన్న బండి యను గౌరవముచే కొందఱును, దాని పరుగుమీది మక్కువచే కొందఱును వానిని విడువక కాపాడుచున్నారు. అట్టి యజమానునకు తఱచుగా కలుగు సందేహములు రెండు: చక్రములకు ఏ టైర్లు వేయవలెను? అరిగిన భాగములకు బదులు ఏవి కొనవలెను?

ఇది మెకానికు చూచుకొనవలసిన పని గదా, చరిత్ర చెప్పువానికి ఇందేమి ప్రసక్తి యని మీరనవచ్చును. పాతబండి విషయమున చరిత్ర తెలియనివాడు సరియైన వస్తువును కొనజాలడని నా మనవి. బండి యే వంశమున పుట్టినది, దాని చక్రపు కొలత యేది, కొనబోవు వస్తువు వయస్సెంత అను మూడు సంగతులు తెలిసినపిమ్మటనే డబ్బు తీయవలెను. వేగముగా పోవు కారునకు నేలతో గల సంబంధము నాలుగు అరచేతులంత మేర మాత్రమే. లోన కూర్చున్నవారి ప్రాణములన్నియు ఆ నాలుగు తావులమీద నున్నవి.

మొదట మనకు చిరపరిచితమైన యెద్దులబండిని చూతము. చక్రము నడుమ నాభి, దానినుండి వెలువడు ఆకులు, ఆకుల కొనలను కలుపు చుట్టుచెక్కలు, నాభిలో నిరుసు, ఇరుసుకొనయందు చీల. అమరకోశమున చుట్టుచెక్కలకు నేమి యనియు, చీలకు అణి యనియు పేళ్లు కలవు. కావున ఈ శిల్పము నిన్న మొన్నటిది కాదు. చక్రమునకు ఇనుపకట్టు వేయుట చూచినవారు మీలో పెక్కుమంది యుందురు. కమ్మరి చక్రపు చుట్టుకొలత తీసి, కట్టును దానికంటె కొంచెము తక్కువగా చేయును. పిడకల మంటలో నది యెఱ్ఱగా కాలి సాగినపుడు చక్రమునకు తొడిగి నీరు పోయును. చల్లారి కుదించుకొని యది చెక్కలన్నిటిని బిగించి పట్టును. కట్టు వదులైనచో ఎండకాలమున చెక్క యెండి కుదించుకొనినపుడు జాఱిపోవును. మితిమీఱి బిగువైనచో ఆకులు వంగిపోవును. కాబట్టి మన కమ్మరి మొదట అడిగినది ఇనుము వెల కాదు, చక్రపు కొలత. నేటి టైరునకును ఇదియే ధర్మము.

మన సీమలో చక్రమున కింత ప్రాముఖ్యమేల వచ్చెనో చెప్పెదను. 1800 సంవత్సరమున నైజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి ఒప్పగించెను. తామసు మన్రో దొర 1807 వఱకు వీనిని పాలించెను. ఆ దినములలో బండ్లు నడచు బాటలు తక్కువ. ధాన్యమును, ఉప్పును, ప్రత్తియు పెక్కుగా పెరికెయెద్దుల వీపులమీదనే సాగుచుండెను. 1871 లో చెన్నపట్టణము, బొంబాయి నడుమ రైలుదారి పూర్తియైనది. అది యెఱ్ఱగుంట్లమీదుగను, ముద్దనూరుమీదుగను పోయినదే కాని, ప్రొద్దుటూరునకు గాని జమ్మలమడుగునకు గాని రాలేదు. నల్లరేగడిలో పండిన ప్రత్తి బండ్లమీద రైలుస్థలమునకు చేరవలసి వచ్చెను. ఎఱ్ఱగుంట్ల, నంద్యాల రైలుదారి పూర్తియై ఈ రెండూళ్లకు రైలు వచ్చినది 2016 లో. పులివెందులవారు రైలునకై ముద్దనూరో కడపయో పోవలసినదే. ఈ విధముగా తరతరములు ఈ మూడు తావులవారికి చక్రమే దిక్కైనది.

ఇక రబ్బరు చరిత్ర. పచ్చిరబ్బరు ఎండకు కరగును, చలికి పగులును. 1839 లో అమెరికావాసి చార్లెసు గుడియరు గంధకముతో కలిపి వేడిచేసిన రబ్బరు రెంటికిని ఓర్చునని కనుగొనెను. 1845 లో రాబర్టు విలియము థామ్సను గాలి నింపిన చక్రపు కట్టునకు ఇంగ్లండులో పేటెంటు పొందెను. అది లోకమున వ్యాపింపలేదు. 1888 లో బెల్ఫాస్టు నగరపు పశువైద్యుడు జాను బాయిడు డన్లపు తన కుమారుని మూడు చక్రముల బండికై దానిని మఱల కనిపెట్టెను. 1895 లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు పారిసు, బోర్డో నగరముల నడుమ జరిగిన పందెమున గాలిటైర్ల కారును నడిపి చూపిరి. మన దేశమున డన్లపు కంపెనీవారు 1936 లో హుగ్లీ తీరమున సాహాగంజులో కర్మాగారమును నెలకొల్పిరి. గాలిటైరు ఎద్దులబండికిని ఎక్కి, మన పల్లెలలో టైరుబండి యను మాట పుట్టెను. 1946 లో చెన్నపట్టణమున ఆటబుడగలు చేయు చిన్న కుటీరముగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ 1961 లో టైర్లు చేయనారంభించెను.

ఈ చరిత్రలో కారు యజమానుడు ముఖ్యముగా తెలిసికొనవలసిన మలుపు ఒకటి కలదు. పూర్వపు టైరులో నారపోగులు ఏటవాలుగా ఒకదానిపై నొకటి అడ్డముగా పోవును. అందుచే చక్రము తిరిగినపుడు పోగులు రాచుకొని వేడి పుట్టును. 1946 లో మిషెలిన్ కంపెనీవారు రేడియల్ టైరునకు పేటెంటు పొందిరి. ఇందు పోగులు ఒక అంచునుండి మఱియొక అంచునకు నిలువుగా పోవును, నేలను తాకు భాగము క్రింద ఉక్కుతీగల పట్టీ యుండును. ఇది తక్కువ వేడెక్కును, నేలను గట్టిగా పట్టును. మన దేశమున 1977 లో జె.కె. టైరువారు దీనిని చేయ మొదలిడిరి. ఎండలు నలుబది డిగ్రీలు దాటు మన సీమలో తక్కువ వేడెక్కుట సామాన్యగుణము కాదు. అయితే ఒకే ఇరుసునకు ఒకవైపు పాతరకము, మఱియొకవైపు రేడియలు తొడుగరాదు. అట్లు చేసినచో మలుపులలో బండి యదుపు తప్పును. నాలుగును ఒకే రకముగా నుండుట మేలు. రెండు మాత్రమే కొన శక్తి యున్నచో క్రొత్తవానిని వెనుక వేయుట మంచిది. ముందు పట్టు తప్పినచో చక్రధారి దానిని స్టీరింగులో తెలిసికొనును. వెనుక పట్టు తప్పినచో బండియే తిరుగబడును.

ఇప్పుడు బండి వంశమునకు వత్తము. కాంటెస్సా 1984 నుండి 2002 వఱకు కలకత్తా సమీపమున ఉత్తరపారలో హిందూస్తాన్ మోటార్సువారు చేసిన కారు. దాని శరీరము ఇంగ్లండులోని వాక్సుహాలు కారుది. మొదట దానికి అమర్చిన యంత్రము అంబాసిడరులోనిదే. తరువాత జపాను దేశపు ఇసుజు కంపెనీవారి 1.8 లీటర్ల యంత్రము వచ్చి దాని పరుగు పెరిగినది. ఆ యంత్రమునే అంబాసిడరునకును పెట్టిరి. ఇది తెలిసినవాడు కాంటెస్సా యంత్రభాగము దొరకదని కూర్చుండక అంబాసిడరు భాగములలో వెదకును. ప్రీమియరు 118 ఎన్.ఇ. అను కారునకు శరీరము ఇటలీవారి ఫియట్ 124 ది, యంత్రము జపానువారి నిస్సానుది. 1985 లో చెన్నపట్టణమున పుట్టిన స్టాండర్డు 2000 కారు ఇంగ్లండు రోవరు రూపమును, పాత వాన్‌గార్డు యంత్రమును ధరించి, మూడు నాలుగేండ్లకే అంతరించినది. తక్కువ కాలము బ్రతికిన బండికి భాగములు దొరకుట దుర్లభము. ఎక్కువ కాలము నడచిన అంబాసిడరు, 2014 లో ఆగిపోయినను, నేటికిని భాగములు సంపాదింపగలుగుచున్నది. పాతకారు కొనదలచిన యువకునకు పెద్దలు మొదట చెప్పవలసిన సంగతి ఇది.

టైరు చెంపమీది వ్రాతను చదువుట కష్టము కాదు. 185/65 ఆర్ 14 86 హెచ్ అని యున్నదనుకొనుడు. 185 మిల్లీమీటర్లు వెడల్పు. దానిలో నూటికి 65 వంతులు ఎత్తు, అనగా సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియలు. 14 అంగుళములు లోపలి ఇనుపచక్రము. 86 అను సంకేతము ఒక్కొక్క టైరు 530 కిలోల బరువు మోయుననియు, హెచ్ గంటకు 210 కిలోమీటర్ల వేగము వఱకు తగుననియు తెలుపును. మునుపటికంటె తక్కువ బరువునకు, తక్కువ వేగమునకు తగిన టైరు వేయరాదు.

పదుమూడు అంగుళముల చక్రమును తీసి పదునాలుగు అంగుళములది వేయగోరువారు మొత్తము వ్యాసమును లెక్కింపవలెను. 185/70 ఆర్ 13 టైరు వ్యాసము సుమారు 589 మిల్లీమీటర్లు. 185/65 ఆర్ 14 ది 596. భేదము స్వల్పము కావున ఇది చెల్లును. సొగసునకై 185/55 ఆర్ 14 తొడిగినచో వ్యాసము 559 అగును. బండి పదునైదు మిల్లీమీటర్లు నేలకు దిగును, వేగము చూపు ముల్లు ఉన్న వేగముకంటె ఎక్కువ చెప్పును, మన గుంతలలో ఇనుపచక్రము వంగును.

వయస్సు మాటకు వత్తము. చెంపమీద నాలుగంకెలు గల గడి యుండును. 3218 అని యున్నచో 2018 సంవత్సరపు ముప్పది రెండవ వారమున చేసినదని యర్థము. మూడంకెలే యున్నచో అది 2000 సంవత్సరమునకు ముందు పుట్టినది, దానిని తాకకుడు. పాతకారు తక్కువగా నడచును, కనుక దాని టైరు అరుగదు. కాని ముదియును. గాలికిని ఎండకును రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు వాఱును. గాళ్లు లోతుగా నున్నవి గదా యని నమ్మి దూరప్రయాణమునకు బయలుదేరుట ప్రమాదము. చేసిన నాటినుండి పదేండ్లు దాటిన టైరును, వాడని స్పేరు చక్రముదైనను, తీసివేయవలెనని పెక్కుమంది తయారీదారులే చెప్పుచున్నారు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును చట్టమును అంగీకరింపదు. గాలిని ఉదయము బండి కదలకముందు చూచుకొనవలెను. నడచి వేడెక్కినపుడు ఒత్తిడి హెచ్చుట సహజము, అపుడు గాలి తీయరాదు. తక్కువ గాలి, ఎక్కువ బరువు, మండుటెండ మూడును కలసినపుడే టైర్లు ప్రేలుచున్నవి.

మిగిలిన భాగములలో బ్రేకులు ప్రధానము. జమ్మలమడుగునుండి ముద్దనూరు పోవుచు కనుమ దిగువారికి దీని విలువ చెప్పనక్కఱలేదు. బ్రేకులకును పులివెందులకును ఒక సంబంధము కలదు. ఆ ప్రాంతమున బ్రాహ్మణపల్లె మొదలగు చోట్ల రాతినార గనులు ప్రసిద్ధములు. వేడికి చెడని గుణముచే రాతినారను చిరకాలము లోకమంతట బ్రేకు లైనింగులలో కలిపిరి. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తెలిసిన పిమ్మట మంచి తయారీదారులు దానిని మానిరి. అచ్చటనే దొరకు ముగ్గురాయి పొడిని మాత్రము నేటికిని బ్రేకు లైనింగులలో కలుపుదురు. కాబట్టి అంగడి యటుకమీద ఏండ్లుగా పడియున్న పాత లైనింగులు చవుకగా వచ్చినను కొనకుడు. పాతకారు బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదనీయకుడు, తడిగుడ్డతో తుడిపింపుడు. మన గనులు త్రవ్విన దానిని మన బిడ్డలు పీల్చవలసిన పనిలేదు.

బేరింగుల విషయమున బెంగ వలదు. వానిమీది సంఖ్య లోకమంతట ఒక్కటే. 6204 అనగా లోపలి వ్యాసము 20, వెలుపలిది 47, వెడల్పు 14 మిల్లీమీటర్లు. కారు అంతరించినను ఆ సంఖ్య అంతరింపదు. అద్దములు, దీపములు, తలుపులు పాతవైనను విజయవాడ ఆటోనగరులోనో, చెన్నపట్టణపు పుదుపేటలోనో వెదకి తేవచ్చును. బ్రేకు గొట్టములు, స్టీరింగు కీళ్లు, టైర్లు మాత్రము వాడినవి కొనరాదు. విఱిగిన స్టీరింగు భాగమును వెల్డింగు చేయించి తిరుగరాదు. కొన్నదానికి రసీదు పుచ్చుకొనుడు. పెట్టెమీది సంఖ్యను పాతభాగముమీది సంఖ్యతో పోల్చుడు. దొరకని చిన్న బుష్షును లేతుమీద చేయించుకొనదలచినచో పాతదానిని పాఱవేయక, కొలతకై పనివానికి చూపుడు.

పదునైదేండ్లు నిండిన కారునకు రిజిస్ట్రేషను మఱల చేయించుకొనవలసినపుడు అధికారులు ఈ టైర్లను, ఈ బ్రేకులను పరీక్షింతురు. ఆ దినము గడుపుకొనుటకై ఒకరి టైర్లు తెచ్చి తొడిగి, సాయంకాలము విప్పి యిచ్చువారు అధికారిని గాక తమ యింటివారిని మోసగించుచున్నారు. పండుగకు బిడ్డలు పాతకారు తీసి తిరుపతికో బెంగుళూరికో బయలుదేరునపుడు, పెద్దలు ముహూర్తము చూచుటతోపాటు ఒక్క నిమిషము వంగి టైరు చెంపమీది నాలుగంకెలను చదువుదురు గాక. అంకెలు పాతవైనచో ప్రయాణము మాన్పింపుడు. క్రొత్త టైర్లు వేయించిన మఱునాడు పోవచ్చును.